మాట చేతులు మారినా చెడకూడదు

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, కొత్తగా టెక్నాలజీ కంపెనీలు పెట్టినవాళ్ళ ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నేను పదకొండేళ్ళు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. తర్వాత తొమ్మిదేళ్ళుగా బెంగళూరులో చిన్న టెక్నాలజీ కంపెనీలకు పీఆర్, అంటే ప్రజా సంబంధాల పని చూస్తున్నాను. ప్రెస్‌నోట్లు అందుకునే చోటా ఉన్నాను, రాసి పంపే చోటా ఉన్నాను. ఆ రెండు చోట్లా చూసిందే ఈరోజు మీకు చెప్తాను.

నార్పల దగ్గర ఒక చీనీ, అంటే బత్తాయి తోటలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. మట్టిలో తడిని కొలిచే పరికరం తయారుచేసిన ఇద్దరు కుర్రాళ్ళను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఇద్దరూ తెలివైనవాళ్ళు, రెండేళ్ళు నిద్ర మానుకుని పనిచేసినవాళ్ళు. తోట రైతుకు అరవై దాటి ఉంటాయి. కుర్రాళ్ళు నమస్కారం పెట్టి, "మాది అగ్రిటెక్ స్టార్టప్ అండీ" అన్నారు. ఆయన వెంటనే, "స్టార్టరా? మాకుండాది నాయనా, పోయిన ఏడే మార్చినాం" అన్నాడు.

కుర్రాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు, ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థం కాలేదు. బోరు మోటారుకు ఉండే స్టార్టరు ఆయనకు రోజూ చేతికి తగిలే వస్తువు. వినబడిన కొత్త మాటను తనకు తెలిసిన మాటకు కలుపుకున్నాడు. మనమందరం చేసే పనే అది.

తర్వాత పది నిమిషాలు కుర్రాళ్ళు వివరంగా చెప్పారు. సెన్సర్ అన్నారు, క్లౌడ్ అన్నారు, డ్యాష్‌బోర్డు చూపించారు. ఆయన శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు. అంతలో ఆయన బావమరిది మోటార్ సైకిల్ మీద వచ్చి, "ఎవురు వీళ్ళు?" అని అడిగాడు. ఆయన చెప్పిన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "బెంగళూరు నుంచి వచ్చినారంట. ఏందో మిషన్ అమ్ముతారంట."

పది నిమిషాల మాటలో బావమరిదికి చేరింది అంతే. మన పని విలువను తేల్చేది రైతు తల ఊపడం కాదు, రైతు బావమరిదికి చెప్పిన ఆ రెండు ముక్కలే. ఎందుకంటే కొత్త కంపెనీ కబురు ఎప్పుడూ మన నోటితో ఊరంతా తిరగదు. రైతు నుంచి బావమరిదికి, విలేకరి నుంచి డెస్కుకు, మీ దగ్గర ఉద్యోగంలో చేరిన అమ్మాయి నుంచి వాళ్ళ నాన్నకు, నాన్న నుంచి పక్కింటివాళ్ళకు వెళ్తుంది. ప్రతి చేతిలో కొంచెం అరుగుతుంది. అరిగిన తర్వాత కూడా అసలు మాట మిగలాలి. పీఆర్ అంటే నాకు తెలిసినంతలో ఆ మిగిలే మాటను ముందే పట్టుకోవడం.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి కుర్రాళ్ళు కారులోంచి ల్యాప్‌టాప్ తీయలేదు. సెన్సర్ ఉన్న కడ్డీని ఆయన చేతికిచ్చి, డ్రిప్ నీళ్ళు పడేచోట ఆయన చేతే గుచ్చించారు. "నేలలో తడి ఎంతుందో ఇది ఫోన్‌కు చెప్తుంది. తడి ఉన్నరోజు మోటారు వేసే పని లేదు." అంతే చెప్పారు. సాయంత్రం ఆయన ఇంకో రైతుకు చెప్తుంటే విన్నాను. "ఈ పుల్ల గుచ్చితే తడి సంగతి ఫోన్‌కు చెప్తాదంట. ఊరికే మోటారు వేసుకోబళ్ళేదు." చెప్పింది చెప్పినట్టు చేరింది.

తిరుగు ప్రయాణంలో ఒక కుర్రాడి ముఖం చిన్నబోయింది. రెండేళ్ళ కష్టాన్ని ఆయన పుల్ల అన్నాడని. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ ఊళ్ళోవాళ్ళు ఒక వస్తువుకు తమ పేరు తాము పెట్టుకున్నారంటే దాన్ని తమదిగా ఒప్పుకున్నట్టే. ఇప్పుడు ఆ చుట్టుపక్కల దాన్ని తడిపుల్ల అనే అంటారు.

మన పెద్దలకు ఈ విద్య తెలుసు. ఊళ్ళో చాటింపు వేసేవాళ్ళను మీలో కొందరైనా చూసి ఉంటారు. డప్పు మోగేది, నాలుగు వీధుల కూడలిలో ఆగేవాడు. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా" అని ఎత్తుకునేవాడు. ఆ ముక్క హోదా కోసం. ఆ తర్వాత మాత్రం ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. రేపు పొద్దున, చావిడి దగ్గర, శిస్తు కట్టాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చెయ్యాలి. ఇంట్లో రాగిసంకటి కెలుకుతున్న అమ్మకు సగమే వినబడినా, ఆ సగం చాలేది. ఇవాళ్టి ప్రెస్‌నోట్లలో చాలావాటికి హోదా ముక్క ఒక పేజీ ఉంటోంది, చావిడి సంగతి చివరి లైనులో ఉంటోంది.

2020 సెప్టెంబరు 9న మన అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణ భారతదేశంలో అదే మొదటి కిసాన్ రైలు. ఆ రోజు అధికారులు చాలా విషయాలు చెప్పారు. జనం నోట మిగిలింది "మన పండ్లు రైలెక్కి ఢిల్లీకి పోయినాయి" అన్న ఒక్క మాట. ఎవరో కూర్చుని తయారుచేసిన నినాదం కాదది. జరిగిన పనే ఒక వాక్యంలో చెప్పుకోగలిగేలా ఉంది. మీరు చేసే పనిలో అలాంటి వాక్యం దొరక్కపోతే, ఒక్కోసారి లోపం భాషలో ఉండదు, పనిలోనే స్పష్టత లేదని అర్థం. అమెజాన్‌లో ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు తయారీ మొదలుపెట్టకముందే దాని ప్రెస్‌నోట్ రాసుకుంటారు. అది చదివినప్పుడు కొనేవాడికి ఏం ఒరుగుతుందో తెలియకపోతే, ఆలోచన మళ్ళీ మొదటికి వస్తుంది. నోట్ రాయడానికి కాగితం తప్ప ఖర్చు లేదు కాబట్టి ఈ పద్ధతి చిన్న కంపెనీకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ఇక డెస్కు సంగతి. ఇది కొంచెం విడమరిచి చెప్తాను, ఎందుకంటే దీని గురించి మీకు ఎవరూ చెప్పరు.

జిల్లా డెస్కులో సాయంత్రం ఆరు గంటలప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మండలాల నుంచి వార్తలు వచ్చి పడుతుంటాయి. ఎక్కడో యాక్సిడెంట్, ఎక్కడో ధర్నా, మార్కెట్ యార్డులో చీనీ ధర, నాయకుడి పర్యటన. రాత్రికి పేజీలు వెళ్ళిపోవాలి. ఆ సమయంలో మీ ప్రెస్‌నోట్ పీడీఎఫ్ రూపంలో వస్తుంది. లెటర్‌హెడ్ మీద స్కాన్ చేసి, కింద సంతకం పెట్టి మరీ పంపుతారు. అందులోంచి అక్షరం కాపీ చేసుకోవడానికి ఉండదు. మొత్తం మళ్ళీ టైప్ చేయాలి. ఎవరికుంది టైమ్? అందుకే యూనికోడ్ తెలుగులో టైప్ చేసి, వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా పంపండి. ఫొటో వేరేగా పంపండి. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి రాయండి. ఫోన్ చేసేదుంటే పొద్దున చేయండి, పేజీలు కట్టే వేళ చేయకండి. చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ నా చేతుల మీదుగా ఆగిపోయిన నోట్లలో సగం వీటివల్లే ఆగాయి, విషయం లేక కాదు.

ఇప్పుడు విషయం. ఆ ఇద్దరు కుర్రాళ్ళు మొదట రాసుకొచ్చిన నోట్ శీర్షిక వినండి: "కృత్రిమ మేధ ఆధారిత సమగ్ర నీటి యాజమాన్య వేదికను ఆవిష్కరించిన యువ ఆవిష్కర్తలు." ఇంగ్లీషులో రాసి, ఫోన్‌లో తెలుగు చేయించినట్టు తెలిసిపోతోంది. నేను వాళ్ళను కొన్ని ప్రశ్నలు అడిగాను. పరికరం ఎక్కడ పెడతారు? చెట్టు మొదట్లో, వేళ్ళు ఉండే లోతులో. ఎందుకు? మన ఎర్రనేలల్లో నీళ్ళు త్వరగా కిందికి దిగిపోతాయి. పైన ఎండిపోయినట్టుంటుంది, కింద తడి ఉంటుంది. రైతు పైన చూసి మోటారు వేస్తాడు. ఎన్ని తోటల్లో పెట్టి చూశారు? పద్నాలుగు. ఎన్నాళ్ళు? ఒక పంటకాలం. పని చేయనిచోటు ఉందా?

ఇక్కడ ఆగిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరకు చెప్పారు: రాళ్ళు ఎక్కువున్న గరుగు నేలల్లో కడ్డీ చుట్టూ మట్టి సరిగ్గా పట్టుకోదు, లెక్క తప్పు చూపిస్తుంది.

"అది నోట్‌లో రాయండి" అన్నాను. వాళ్ళు నమ్మలేనట్టు చూశారు.

చివరికి నోట్ ఇలా తయారైంది. శీర్షిక: "చీనీ చెట్టుకు నీళ్ళు ఎప్పుడు కావాలో ఫోన్‌కు చెప్పే పరికరం." మొదటి పేరాలో అనంతపురం కుర్రాళ్ళు తయారుచేశారని, పద్నాలుగు తోటల్లో ఒక పంటకాలం చూశారని. రెండో పేరాలో అది ఎలా పనిచేస్తుంది. మూడో పేరాలో ధర, గరుగు నేలల్లో ఇంకా సరిగ్గా పనిచేయడం లేదన్న మాట, ఫోన్ నంబరు. మొత్తం నూట ఇరవై మాటలు. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. తర్వాత వచ్చిన ఫోన్లలో గరుగు నేలల రైతులూ ఉన్నారు. "మా నేలకు పనిచేయదన్నారు కదా, పనిచేసే రోజు చెప్పండి" అని నంబరు ఇచ్చి పెట్టారు. లోపం చెప్పినందుకు దూరం పోలేదు. చెప్పినందుకే మిగతాదంతా నమ్మారు.

ఈ జిల్లాలో నమ్మకం అన్నది ఎందుకంత పెద్ద మాటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. బోరు వేసి నీళ్ళు పడక, మళ్ళీ వేసి, అప్పు మీద అప్పు చేసిన కుటుంబాలు మనలో చాలామందివి. వాళ్ళ ముందు నిలబడి "దిగుబడి రెట్టింపు" అని ఊరికే అనకూడదు. ఆ మాటకు అవతల ఒక ఇల్లు ఉంటుంది.

మాట పనికంటే ముందు పరుగెత్తితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. అమెరికాలో థెరానోస్ అనే కంపెనీ 2003లో మొదలైంది. వేలి కొసన తీసిన నాలుగు చుక్కల రక్తంతో ఎన్నో పరీక్షలు చేస్తామన్నారు. పత్రికల ముఖచిత్రాలు, సుమారు 900 కోట్ల డాలర్ల విలువ, అన్నీ వచ్చాయి. ఒక్క యంత్రమే చెప్పినట్టు పనిచేయలేదు. 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఆ సంగతి బయటపెట్టింది. 2022లో ఆ కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ మోసం చేసినట్టు కోర్టు తేల్చింది. ఆ కంపెనీ పీఆర్ గొప్పగా ఉందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. రోగి చేతిలోకి తప్పుడు రిపోర్టు వెళ్తుంటే బయట ఎంత బాగా మాట్లాడినా దాన్ని పీఆర్ అనకూడదు.

అదే దారిలో మనదగ్గర కనిపించే చిన్న తప్పు ఒకటి చెప్తాను. స్టార్టప్ ఇండియా కింద కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ గుర్తింపు ఇస్తుంది. అది కంపెనీకి ఇచ్చే గుర్తింపు. మీ వస్తువు బాగా పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. కరపత్రం మీద "కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన పరికరం" అని వేయకండి. రైతు దాన్ని ప్రభుత్వ హామీ అనుకుంటాడు.

ఇక ఈరోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి. మంచిరోజున మాట్లాడటం ఎవరికైనా వస్తుంది. చెడ్డరోజున ఏం చెప్తారు?

కొన్నేళ్ళ కింద నేను ఒక కంపెనీకి సలహాదారుగా ఉన్నాను. పేరు చెప్పను. ఫోన్ నుంచి బోరు మోటార్లు ఆన్, ఆఫ్ చేసే పరికరం వాళ్ళది. ఏప్రిల్ నెల, చీనీ తోటల్లో పిందె నిలబడే కాలం. ఒక రాత్రి సాఫ్ట్‌వేర్ మార్చారు. అందులో తప్పు దొర్లింది. పొద్దున కరెంటు వచ్చింది, యాప్‌లో మోటారు ఆన్ అని చూపిస్తోంది, తోటలో మోటారు మాత్రం ఆడటం లేదు. ఊళ్ళో లేని రైతులు యాప్ చూసి నిశ్చింతగా ఉన్నారు. తప్పు జరిగిందని మధ్యాహ్నానికల్లా ఆఫీసులో తెలిసింది. మీటింగ్ పెట్టారు. "రిపేరు అయ్యాక చెబుదాం, ఇప్పుడు చెప్తే పరువు పోతుంది" అన్నారు. చెప్పేయాలని నేను ఒక్కసారి అన్నాను. రెండోసారి గట్టిగా అనలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మూడోరోజు మెసేజ్ వెళ్ళింది. "అనివార్య సాంకేతిక కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఆపాటికి పిందె రాలిపోయిన తోటలున్నాయి. ఒక రైతు వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. అరవలేదు, తిట్టలేదు. "మొన్ననే ఒక్క ఫోన్ చేసింటే నేనే పోయి స్విచ్ వేసుకొనింటాను కదా సార్" అన్నాడు. అంతే. దానికి మా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు ఒక్కటీ లేదు.

ఆ మధ్యాహ్నం వెళ్ళాల్సిన మెసేజ్ ఇది. తర్వాత రాసి దగ్గర పెట్టుకున్నాను, చదువుతాను. "మీ యాప్‌లో మోటారు ఆన్ అని కనిపిస్తున్నా నిజంగా ఆడకపోవచ్చు. దయచేసి ఈ పూటే ఎవరినైనా తోటకు పంపి, స్టార్టరును చేత్తో ఆన్ చేయించండి. నిన్న రాత్రి మేం సాఫ్ట్‌వేర్ మార్చడంలో తప్పు చేశాం. ఇంకా బాగుచేస్తున్నాం. సాయంత్రం 5 గంటలకు పరిస్థితి మళ్ళీ చెప్తాం. ఈ నంబరుకు చేస్తే మా మనిషి మాట్లాడతాడు."

వరస గమనించండి. రైతు ఏం చెయ్యాలో మొదట, మన తప్పు ఒప్పుకోవడం తర్వాత. తప్పు ఎవరిదో స్పష్టంగా "మేం" అన్నాం, కారణాల మీదికి నెట్టలేదు. మళ్ళీ ఎన్ని గంటలకు చెప్తామో ఉంది. ఆ అయిదు గంటలకు కొత్తగా చెప్పడానికేమీ లేకపోయినా, లేదనే మెసేజ్ పెట్టాలి. ఎదురుచూసే మనిషికి మౌనం కంటే పెద్ద టెన్షన్ ఉండదు.

ఇది కొత్త సూత్రమేమీ కాదు. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీది నుంచి నీళ్ళలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా రైల్వే కంపెనీలు ప్రమాదాలను దాచేవి. ఐవీ లీ అనే మాజీ విలేకరి, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున, జరిగింది కాగితం మీద రాసి పత్రికలకు తనే ఇచ్చాడు. విలేకరులను అక్కడికి వెళ్ళి చూడనిచ్చారు. మొట్టమొదటి ప్రెస్‌నోట్ అదేనని చాలామంది అంటారు. చూడండి, ప్రెస్‌నోట్ పుట్టిందే చెడువార్త చెప్పడానికి. మనం దాన్ని రిబ్బన్ కటింగ్‌కు వాడుకుంటున్నాం.

మీ రంగంలోనే ఇంకో ఉదాహరణ. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్ మీద డేటాబేస్ తుడిచేశాడు. సుమారు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్‌లు చూస్తే సరిగ్గా పనిచేసేది దొరకలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది, మధ్యలోది పోయింది. వాళ్ళేం చేశారు? ఏం జరుగుతోందో రాసుకుంటున్న నోట్స్‌ను అందరూ చదివేలా తెరిచి పెట్టారు. బాగుచేసే పనిని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు. ఆ ఇంజనీరును బలిచ్చి తప్పించుకోలేదు. తప్పు మనిషిది కాదు, పద్ధతిదన్నారు. డేటా పోయినవాళ్ళకు కోపం రాకుండా ఉండదు. కానీ అవతల మనుషులు నిజంగా పనిచేస్తున్నారని కళ్ళారా చూశారు.

చట్టం కూడా ఇప్పుడు మౌనాన్ని ఒప్పుకోదు. సైబర్ దాడి, డేటా లీకు లాంటివి తెలిసిన ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలొచ్చాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, లీకయితే డేటా రక్షణ బోర్డుకే కాదు, ఆ సమాచారం ఎవరిదో వాళ్ళకు కూడా చెప్పాలంటుంది. మీ దగ్గర రైతుల ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు ఉన్నాయి. ఆ మెసేజ్ ఎవరు రాస్తారు, ఎవరు పంపుతారు, రాత్రి రెండింటికి ఎవరి ఫోన్ మోగాలి అన్నది ఈ వారమే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

ప్యాకేజీల గురించి ఎవరో చీటీ పంపారు. డబ్బులిచ్చి వార్త వేయించుకోవచ్చా అని. వద్దు. ప్రకటన ఇవ్వాలంటే ప్రకటనగానే ఇవ్వండి, తప్పు లేదు. కొని వేయించిన వార్త పాఠకుడిని మోసం చేయడమే. పైగా డబ్బులాగిన రోజు మీ పేరూ ఆగుతుంది. గరుగు నేల సంగతి రాసిన ఆ నూట ఇరవై మాటలకు రూపాయి ఖర్చు కాలేదు.

ఇంకో చీటీ: "పెట్టుబడి వచ్చిన వార్త జిల్లా పత్రికకు ఇవ్వాలా?" అమ్మా, ఎవరు రాశారో గానీ మంచి ప్రశ్న. ఎన్ని కోట్లు వచ్చాయన్నది బెంగళూరు పెట్టుబడిదారులకు వార్త. ఇక్కడి పాఠకుడికి, ఆ డబ్బుతో అనంతపురంలో ఎంతమందికి ఉద్యోగాలిస్తారు, సర్వీసు సెంటరు ఎక్కడ పెడతారు అన్నది వార్త. ఆ రెండూ ఉంటే ఇవ్వండి. మీ దగ్గర చేరిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ పేజీ చదువుతారని మరచిపోకండి. "మావాడు ఏదో స్టార్టప్‌లో ఉన్నాడు" అని నసుగుతున్న నాన్నకు, ధైర్యంగా చెప్పుకోవడానికి ఒక వాక్యం ఇచ్చినవాళ్ళవుతారు.

భోజనాలకు ఇంకా పావుగంట ఉంది. అందరూ ఫోన్లు తీయండి. ఇంటికి చేయండి, అమ్మకో, తాతకో, మీ పనితో సంబంధం లేనివాళ్ళకు. మీరేం తయారుచేస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. చెప్పాక, "ఎవరైనా అడిగితే నువ్వేం చెప్తావు?" అని అడగండి. వాళ్ళన్న మాటను మార్చకుండా, దిద్దకుండా కాగితం మీద రాసుకుని నా దగ్గరికి తీసుకురండి. ఆ కాగితం నుంచే మీ ప్రెస్‌నోట్ మొదలుపెడదాం.